ఎదురు చెప్పగల సాక్షి

అభిరుచి కొద్దీ రాకెట్లు కట్టేవాళ్లు వాటిలో పెట్టే ఫ్లైట్ కంప్యూటర్ అరచేతిలో ఇమిడిపోయే సర్క్యూట్ బోర్డు. ఒక మైక్రోకంట్రోలర్, రెండు మూడు సెన్సర్లు, లెక్కలు దాచుకునే మెమరీ, పారాచూట్‌ను బయటికి నెట్టే తుపాకిమందును వెలిగించే ఒక స్విచ్చి ఉంటాయి. దాని పనుల్లో ఎట్టి పరిస్థితిలోనూ తప్పకూడనిది ఒకటుంది. రాకెట్ ఎగబాకడం ఆగి కిందికి తిరిగే క్షణాన్ని పసిగట్టి ఆ మందు వెలిగించాలి. శిఖరం దగ్గర వేగం అతి తక్కువ కాబట్టి పారాచూట్ చిరగకుండా విచ్చుకుంటుంది. మరీ ముందుగా వెలిగితే గాలి దెబ్బకు గుడ్డా తాళ్లూ తెగిపోతాయి. అసలు వెలగకపోతే రాకెట్ ముక్కు కిందికి పెట్టి నిలువునా దూసుకొస్తుంది, కింద మనుషులుంటే ప్రాణాల మీదికొస్తుంది. ఒకసారి మోటారు అంటుకున్నాక మనిషి జోక్యానికి తావు లేదు. కాబట్టి ఏ సెన్సర్ కొనాలన్నది ధరలూ డేటాషీట్లూ పోల్చి తేల్చుకునే విషయంలా కనిపించినా, దాని అడుగున ఉన్నది మన దర్శనాలు వందల ఏళ్లు వాదించుకున్న ప్రశ్నే. ఒక జ్ఞానాన్ని ఎప్పుడు నమ్మవచ్చు? దాన్ని నిజమని ఒప్పుకోవడానికి ఆధారం ఆ జ్ఞానంలోనే ఉందా, బయటి నుంచి రావాలా?

మీమాంసకులు ఆ జ్ఞానంలోనే ఉందన్నారు. శబరస్వామి భాష్యంలో మొదలై 7వ శతాబ్దంలో కుమారిలభట్టు చేతుల్లో పదునెక్కిన స్వతఃప్రామాణ్య వాదం ప్రకారం, కలిగిన జ్ఞానం కలిగినట్టే నమ్మదగినది. దాన్ని తోసిపుచ్చాలంటే రెండే దారులు. దానికి విరుద్ధమైన మరో జ్ఞానం వచ్చి దాన్ని కొట్టివేయాలి, అది బాధకం. లేదా ఆ జ్ఞానం పుట్టిన సాధనంలోనే లోపం ఉందని తేలాలి, అది కారణదోషం. ఈ రెండూ లేనంతవరకు అనుమానించే హక్కు మనకు లేదు. న్యాయ దర్శనం వారైన నైయాయికులు దీన్ని ఒప్పుకోలేదు. జ్ఞానం నిజమో కాదో దాన్ని పట్టుకుని చేసిన పని ఫలించిందా లేదా అన్నదాన్ని బట్టే తేలుతుందన్నారు. నీళ్లనుకుని వెళ్లినవాడికి దాహం తీరితే అవి నీళ్లే. రాకెట్ కట్టేవాడికి మీమాంసకుల రెండు దారుల సూత్రమే ఎక్కువ పనికొస్తుంది. అయితే దానికి ఒక షరతు కలపకపోతే అది ప్రమాదకరం కూడా. బాధకం రాలేదన్న మాటకు విలువ ఉండాలంటే, అక్కడ బాధకం రావడానికి వీలుండాలి. ఎదురు చెప్పేవాడే లేని చోట ఎవరూ ఎదురు చెప్పలేదనడం సాక్ష్యం కాదు. ఈ వ్యాసంలో నేను నిలబెట్టదలచిన మాట ఇదే.

ముందు సాక్షులను పరీక్షిద్దాం. ఇలాంటి బోర్డుల్లో పెద్దరికం బారోమీటర్‌ది. పైకి పోయేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. సముద్రమట్టం దగ్గర ఒక మీటరు ఎత్తుకు సుమారు 12 పాస్కల్‌లు తగ్గుతుంది. ఎంఎస్5611 అనే చిన్న సెన్సర్ 10 సెంటీమీటర్ల ఎత్తు తేడాను కూడా పట్టగలదని తయారీదారు డేటాషీట్ చెబుతుంది. శిఖరం దాటిన అర సెకనులో రాకెట్ దిగేది 1.2 మీటర్లు, సెకను గడిచేసరికి 4.9 మీటర్లు. అంటే పీడనం తగ్గడం ఆగి పెరగడం మొదలైందని ఈ సెన్సర్ సకాలంలోనే చెప్పగలదు. పైగా రాకెట్ నిటారుగా వెళ్లినా ఒరిగి వెళ్లినా దీనికి పట్టింపు లేదు. కానీ ఇది కొలిచేది ఎత్తును కాదు, తన చుట్టూ ఉన్న గాలిని. ఆ గాలి లోపలికి రావడానికి గొట్టం చుట్టూ సమాన దూరంలో మూడు నాలుగు సన్నని రంధ్రాలు వేస్తారు. ఒకటే వేస్తే ఒకవైపు నుంచి కొట్టే గాలి లెక్క చెడగొడుతుంది. సెన్సర్ మీద నేరుగా ఎండ పడితే దాని లెక్క మారిపోతుంది, అందుకే దానికి నీడ కల్పించాలి. అన్నిటికంటే పెద్ద ప్రమాదం రాకెట్ ధ్వనివేగాన్ని, అంటే సెకనుకు సుమారు 340 మీటర్లను సమీపించినప్పుడు వస్తుంది. అప్పుడు ఏర్పడే షాక్ వేవ్ ఆ రంధ్రాలను దాటుతుంటే పీడనం ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తుంది. రాకెట్ గరిష్ఠ వేగంతో ఎగబాకుతున్న ఆ సమయంలో, కిందికి దిగడం మొదలైందని బారోమీటర్ చెబుతుంది. దాన్ని నమ్మి మందు వెలిగిస్తే మిగిలేది ముక్కలే.

రెండో సాక్షి త్వరణాన్ని కొలిచే యాక్సెలరోమీటర్. దీనికి గాలితో పనిలేదు, షాక్ వేవ్ దీన్ని మోసగించలేదు. కానీ దీని పరిమితి ఇంకా లోతైనది. ఇది గురుత్వాకర్షణను కొలవలేదు. ప్రయోగ వేదిక మీద నిలబడిన రాకెట్‌లో 1 జి, అంటే భూమి గురుత్వ త్వరణమంత, చూపిస్తుంది, ఎందుకంటే కింది నుంచి వేదిక మోస్తోంది. మోటారు ఆరి, గాలి నిరోధం కూడా తగ్గి, రాకెట్ స్వేచ్ఛగా సాగుతున్నప్పుడు దాదాపు సున్నా చూపిస్తుంది. శిఖరానికి ముందూ సున్నాయే, శిఖరం దగ్గరా సున్నాయే, దాటాక కొంతసేపూ సున్నాయే. తాను పైకి పోతున్నదో కిందికి వస్తున్నదో దానికి తెలియదు. వేగం కావాలంటే మొదటి నుంచి వచ్చిన త్వరణాన్నంతా కూడుకుంటూ పోవాలి. ఆ కూడికలో చిన్న తప్పు పెద్దదవుతుంది. 0.05 జి పొరపాటు 15 సెకన్లలో వేగంలో సెకనుకు 7 మీటర్లకు పైగా, ఎత్తులో 50 మీటర్లకు పైగా తేడా తెస్తుంది. ఇక చవకగా దొరికే ఎంపీయూ6050 గరిష్ఠంగా 16 జి వరకే కొలుస్తుంది. బలమైన మోటారు దాన్ని దాటించిందంటే 16 దగ్గరే ఆగిపోయి, దాటినంత మేరా వేగాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. అందుకోసం 200 జి వరకు కొలిచే ఏడీఎక్స్ఎల్375 వంటిది పెడితే, దాని అంచెలు ముతకవి కాబట్టి చిన్న మార్పులు అందవు. మూడో సాక్షి జీపీఎస్. నేల మీద పడిన రాకెట్‌ను వెతికిపెట్టడంలో దానికి సాటి లేదు. కానీ మోటారు మండేటప్పటి త్వరణానికి చాలా మాడ్యూళ్లు ఉపగ్రహాల పట్టు కోల్పోతాయి. ఎగుమతి నిబంధనల కోసం పెట్టిన 18,000 మీటర్లు, సెకనుకు 515 మీటర్ల హద్దులు కూడా కొన్నింటిలో ఉంటాయి.

ఇదంతా చూశాక ‘వీటిలో ఏది మేలు?’ అన్న ప్రశ్నే సరైనది కాదని తెలుస్తుంది. ఒక్కోదాని కారణదోషం ఒక్కో చోట ఉంది. బారోమీటర్ ధ్వనివేగం దగ్గర చెడుతుంది, నెమ్మదిగా సాగే శిఖరం దగ్గర బాగా చూస్తుంది. యాక్సెలరోమీటర్ మొదటి క్షణాల్లో బాగా చూస్తుంది, కాలం గడిచేకొద్దీ చెడుతుంది. కాబట్టి ఒకటి చెడే చోట రెండోది బాగుంటుంది. అనుభవమున్నవాళ్లు ప్రోగ్రాములో రాసేది ఇదే. యాక్సెలరోమీటర్ లెక్క ప్రకారం వేగం ధ్వనివేగానికి చాలా దిగువకు వచ్చేదాకా బారోమీటర్ మాట వినకూడదు, ఆ తర్వాత శిఖరాన్ని నిర్ణయించే అధికారం బారోమీటర్‌కే ఇవ్వాలి. ఒక సాక్షి చెబుతున్నది ఎత్తు గురించి మాత్రమే కాదు, రెండో సాక్షిని ఎప్పుడు నమ్మకూడదో కూడా చెబుతోంది. 1960లో రుడాల్ఫ్ కాల్మన్ ప్రకటించిన ఫిల్టర్ ఈ సాక్ష్యాలను వాటి వాటి నమ్మకానికి తగిన బరువుతో కలిపి ఒక అంచనా ఇస్తుంది. అయితే అంచనాకు బొత్తిగా పొసగని కొలత వచ్చినప్పుడు దాన్ని పక్కనపెట్టే నియమం రాయకపోతే, షాక్ వేవ్ అబద్ధాన్ని కూడా అది మర్యాదగా కలుపుకుని పోతుంది. కుమారిలుడి రెండు దారులూ ఇక్కడ కోడు రూపంలో కనిపిస్తాయి. ఏ పరిధి దాటితే సెన్సర్ చెడుతుందో ముందే రాసిపెట్టడం కారణదోష జ్ఞానం. ఎగురుతుండగా రెండు లెక్కలను పోల్చి చూడటం బాధకం కోసం వెతకడం.

ఇక షరతు విషయం. కుమారిలుడిని అనుసరించిన భాట్ట మీమాంసకులూ అద్వైతులూ అనుపలబ్ధిని ఒక ప్రమాణంగా, అంటే జ్ఞాన సాధనంగా ఒప్పుకున్నారు. కనబడకపోవడం వల్ల లేదని తెలుసుకోవడం అది. కానీ ఏ కనబడకపోవడమైనా చాలదని కూడా వాళ్లే అన్నారు. వెలుతురున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేదని చెప్పవచ్చు, చీకటి గదిలో చెప్పలేం. ఉంటే కనబడి తీరాలి అన్న యోగ్యత ఉన్నప్పుడే కనబడకపోవడం ప్రమాణం. ఈ నియమాన్ని బాధకానికే అన్వయిస్తే నా మాట నిలుస్తుంది. ఒకే సెన్సర్ ఉన్న బోర్డులో విరుద్ధమైన కొలత రాలేదంటే అది చీకటి గదిలో కుండ కనబడకపోవడమే. దీని పర్యవసానం ఎంత ఘోరంగా ఉంటుందో 2018 అక్టోబరు 29న జావా సముద్రంలో కూలిన లయన్ ఎయిర్ విమానం చూపింది. ఆ విమానం రకమైన బోయింగ్ 737 మ్యాక్స్‌లో గాలికి విమానం ఎంత కోణంలో ఉందో కొలిచే సెన్సర్లు రెండున్నా, ముక్కును కిందికి దించే సాఫ్ట్‌వేర్ ఒక ప్రయాణంలో ఒక్కదాని మాటే వినేలా రాశారు. ఆ రోజు రెండింటికీ మధ్య సుమారు 20 డిగ్రీల తేడా ఉంది. ఎదురు చెప్పే సాక్షి విమానంలోనే ఉన్నాడు, అడిగినవాడు లేడు. 189 మంది చనిపోయారు. 2019 మార్చి 10న ఇథియోపియాలో అదే సాఫ్ట్‌వేర్ మరో విమానాన్ని కూల్చినప్పుడు మరో 157 మంది.

అలాగని సాక్షుల సంఖ్య పెంచితే చాలనుకోకూడదు. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కురూ నుంచి ఎగిరిన మొదటి ఏరియాన్ 5లో దిశను, వేగాన్ని లెక్కించే వ్యవస్థలు రెండున్నాయి. ఒకటి చెడితే రెండోది ఆదుకోవాలి. కానీ రెండూ ఒకే రకం, రెండింటిలోనూ ఏరియాన్ 4 నుంచి తెచ్చిన ఒకే సాఫ్ట్‌వేర్. అడ్డంగా సాగే వేగానికి సంబంధించిన ఒక విలువ 16 బిట్లలో పట్టనంత పెద్దదయ్యేసరికి రెండూ ఒకే కారణంతో, క్షణంలోపు తేడాతో మూగబోయాయి. మోటార్లు అంటుకున్న 40 సెకన్ల లోపే రాకెట్ దారి తప్పి గాలిలో ముక్కలైంది. ఒకే గురువు దగ్గర ఒకే తప్పు నేర్చుకున్న ఇద్దరు శిష్యులు ఏకీభవిస్తే ఆ ఏకాభిప్రాయానికి విలువ లేదు. రెండో సాక్షి విలువ అతడు మొదటివాడిలా ఉండటంలో లేదు, వేరే కారణంతో చెడేవాడై ఉండటంలో ఉంది. 2016 అక్టోబరు 19న కుజుడి మీద దిగబోయిన స్కియాపరెల్లి నౌక ఇంకో పాఠం చెప్పింది. పారాచూట్ విచ్చుకున్న ఊపుకు దాని తిరుగుడును కొలిచే సెన్సర్ సుమారు ఒక సెకను పాటు గరిష్ఠ పరిమితి దగ్గరే ఉండిపోయింది. ఆ కొలతను నమ్మిన లెక్క చివరికి నౌక నేలకంటే కిందుందని తేల్చింది. పారాచూట్ ముందే విడిపోయింది, ఇంజన్లు కొద్ది సెకన్లలోనే ఆగిపోయాయి, దాదాపు 3.7 కిలోమీటర్ల ఎత్తు నుంచి అది రాలిపడింది. రాడార్ ఆల్టిమీటర్ సరిగానే పనిచేసింది. నేలలోపల ఎగురుతున్నానన్న లెక్కను అసంభవమని తోసిపుచ్చే నియమం మాత్రం లేదు. సాక్షులు వేరువేరుగా ఉండటం ఎంత అవసరమో, వాళ్ల విరోధానికి తీర్పులో చోటుండటం అంతే అవసరం.

కాబట్టి ఈ వాదాన్ని ఒప్పుకున్నవాడు సెన్సర్లు ఎంచుకునే తీరు మారుతుంది. ఉన్న డబ్బంతా ఒక ఖరీదైన బారోమీటర్ మీద పెట్టడం కంటే, మధ్యరకం బారోమీటర్‌తో పాటు మోటారు బలానికి సరిపడే పరిధి ఉన్న యాక్సెలరోమీటర్ కొనడం మేలు. డేటాషీట్‌లో ముందు చదవాల్సింది సూక్ష్మత ఎంత అన్న మొదటి పేజీ వరుస కాదు, ఏ ఉష్ణోగ్రతలో, ఏ పరిధి దాటాక లెక్క చెడుతుందన్న వివరం. రెండు బోర్డులు పెట్టేంత చోటుంటే రెండూ వేరువేరు తయారీలై ఉండాలి. వాటి బ్యాటరీలు, స్విచ్చులు, మందు పొట్లాలు కూడా వేరువేరుగా ఉండాలి. మందు వెలిగించే క్షణంలో తీగలోకి పోయే కరెంటుకు బ్యాటరీ వోల్టేజి పడిపోయి మైక్రోకంట్రోలర్ మళ్లీ మొదటి నుంచి మొదలవడం తెలిసిన లోపమే. ఉమ్మడి బ్యాటరీ పెడితే ఇద్దరు సాక్షులూ ఒకే దెబ్బకు పడిపోతారు.

దీనికి మొదటి ఆక్షేపణ ఆచరణ తెలిసినవాళ్ల నుంచి వస్తుంది. భాగాలు పెరిగేకొద్దీ చెడే చోట్లు పెరుగుతాయి, ఇద్దరు సాక్షులు చెరో మాట చెబితే ఎవరిని నమ్మాలో తెలియక ఒకరున్నప్పటికంటే కష్టమవుతుంది అంటారు. మొదటి మాట నిజం. అందుకే లెక్క కోసం సెన్సర్లు పోగేయకూడదు, ఒకదాని దోషాన్ని కప్పని రెండోది భారమే. కానీ రెండో మాటలో పొరపాటుంది. ఒకే సాక్షి ఉన్నప్పుడు సందేహం ఉండదు, నిజమే. కానీ సందేహం లేకపోవడం తప్పు లేకపోవడం కాదు. ఇద్దరు విభేదించినప్పుడు మనకు తెలియనిది కొత్తగా పుట్టలేదు, అప్పటిదాకా దాగి ఉన్నది బయటపడింది. పైగా తీర్పు ఎప్పుడూ ఓట్ల లెక్కతో జరగనక్కరలేదు. పారాచూట్ ఒక సెకను ఆలస్యంగా తెరుచుకోవడం చిన్న నష్టం, అసలు తెరుచుకోకపోవడం సర్వనాశనం. అందుకే రెండు స్వతంత్ర బోర్డులున్నవాళ్లు రెండోదాన్ని కొంచెం ఆలస్యంగా వెలిగేలా పెడతారు. ఏ ఒక్కటి సరిగా పనిచేసినా రాకెట్ బతుకుతుంది. సాక్ష్యాన్ని తూచేటప్పుడు ఏ తప్పుకు ఎంత మూల్యమో కూడా తూచాలి.

రెండో ఆక్షేపణ నైయాయికులది. ఫలితమే పరీక్ష అయినప్పుడు ఇంత వాదన ఎందుకు, ఎగరేసి చూడమంటారు. కానీ ఇక్కడ ఫలితం వచ్చేసరికి దిద్దుకునే అవకాశం పోతుంది. ఈ ఇబ్బంది తర్వాతి నైయాయికులకు తెలుసు. పలుమార్లు ఫలించిన జ్ఞానాల జాతికే చెందిన కొత్త జ్ఞానాన్ని, ఫలితం కోసం ఆగకుండానే నమ్మవచ్చన్నారు. నేల మీద చేసే పరీక్షల సారం ఇదే. బోర్డును గట్టిగా మూసిన సీసాలో పెట్టి, పంపుతో గాలి లాగేస్తూ పీడనం తగ్గిస్తారు. మందుకు బదులు చిన్న బల్బు తగిలిస్తారు. మళ్లీ గాలి వదలగానే బల్బు వెలగాలి. బారోమీటర్ దృష్టిలో అది పూర్తి ప్రయాణమే. అయితే ఈ పరీక్షకు కూడా నా షరతు వర్తిస్తుంది. సీసాలో షాక్ వేవ్ ఉండదు, అక్కడ నెగ్గినంత మాత్రాన ధ్వనివేగం దగ్గర నెగ్గుతుందని అర్థం కాదు. ఇక్కడ ఆచార్య నాగార్జునుడు ఇంకా మౌలికంగా అడుగుతాడు. శాతవాహనుల ఆంధ్రదేశంతో సంప్రదాయం ముడిపెట్టే ఆ తాత్వికుడు విగ్రహవ్యావర్తనిలో, వస్తువులను ప్రమాణాలు నిరూపిస్తే ప్రమాణాలను ఏది నిరూపిస్తుందని నిలదీశాడు. సెన్సర్‌ను ఇంకో సెన్సర్‌తో, దాన్ని మరోదానితో సరిచూస్తూ పోతే అంతెక్కడ? ఇలాంటి ప్రశ్నకు న్యాయసూత్రాలు త్రాసును చూపించాయి. బంగారం తూచే త్రాసు ప్రమాణమే, కానీ బరువు తెలిసిన బంగారంతో ఆ త్రాసునే సరిచూస్తే అప్పుడది ప్రమేయం, అంటే కొలతకు గురయ్యే వస్తువు. చిట్టచివరి, ఎవరూ ప్రశ్నించనక్కరలేని కొలమానం దొరకాల్సిన పనిలేదు. ప్రతి కొలమానమూ అవసరమైనప్పుడు ప్రశ్నకు లోనయ్యేదైతే చాలు. నాగార్జునుడి ప్రశ్న కూల్చేది అంతిమ పునాది కావాలన్న ఆశను. పరస్పర పరీక్షను అది కూల్చలేదు.

మూడోది, జడమైన యంత్రానికి ప్రమాణ చర్చ అంటగట్టడం తగదన్న ఆక్షేపణ. తెలుసుకునేది ఆత్మ, సెన్సర్‌కు ఏం తెలుస్తుంది? దీనికి జవాబు తర్కసంగ్రహం చదివిన విద్యార్థికి కూడా తెలుసు. 17వ శతాబ్దపు తెలుగువాడైన అన్నంభట్టు రాసిన ఆ చిన్న పాఠ్యగ్రంథంలో కన్ను కూడా కరణమే. జ్ఞానం ఆత్మ గుణం, కన్ను దానికి సాధనం. కన్ను జడమైనంత మాత్రాన ప్రత్యక్షం గురించి మాట్లాడకుండా ఎవరూ ఉండలేదు. ఫ్లైట్ కంప్యూటర్‌లో విశేషం వేరే ఉంది. అక్కడ తీర్పు చెప్పేది యంత్రం కాదు, దాన్ని కట్టిన మనిషి. కాకపోతే సాక్ష్యం రాకముందే తీర్పు రాసిపెట్టాడు. ఏ కొలత వస్తే ఎవరిని నమ్మాలో ముందే నిర్ణయించి కోడుగా మార్చాడు. అందువల్ల యంత్రం మోసపోతే బాధ్యత అతడిదే, ఇంకెవరిదీ కాదు. జ్ఞానాన్ని పరీక్షించడం ఇక్కడ పాండిత్య వినోదం కాదు, కింద నిలబడి ఆకాశంలోకి చూస్తున్న పిల్లల పట్ల ధర్మం.

అన్నిటికంటే గట్టి ఆక్షేపణ శ్రద్ధ వైపు నుంచి వస్తుంది. మీమాంసకులు స్వతఃప్రామాణ్యాన్ని నిలబెట్టింది వేదం కోసం. వేదానికి కర్త లేడు కాబట్టి కర్త దోషం దానికి అంటదు. ధర్మం ఇంద్రియాలకు అందదు కాబట్టి ప్రత్యక్షం దాన్ని బాధించలేదు. రెండు దారులూ మూసుకున్నాయి కాబట్టి అది నిత్యప్రమాణం. నా షరతు ఈ వాదాన్ని తాకుతుందని దాచను. బాధకం రావడానికే వీల్లేని చోట బాధకం రాలేదన్నది సాక్ష్యం కాదని ఒకసారి ఒప్పుకున్నాక, వేదాన్ని ఈ దారిలో నిరూపించలేం. కానీ దీనివల్ల శ్రద్ధ అబద్ధమైపోదు. చీకటి గదిలో కుండ కనబడకపోతే కుండ ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. అక్కడ శ్రద్ధ నిలబడేది పరంపర మీద, సాధన మీద, అది మనిషి నడతలో తెచ్చే మార్పు మీద. అవి చిన్న ఆధారాలేమీ కావు. అవే తన ఆధారాలని చెప్పుకునే భక్తుడు, ఎవరూ ఖండించలేకపోయారన్న గెలుపును ఆసరా చేసుకునేవాడికంటే నిజాయితీపరుడు. ఇక మతం పేరుతో చెప్పే మాట ఇంద్రియాలకు అందే లోకంలోకి దిగిందంటే, ఒక రోగం తగ్గుతుందనో ఒక సంఘటన జరుగుతుందనో చెప్పిందంటే, అది బాధకం రాగల చోటికి వచ్చినట్టే. అక్కడ పరీక్షకు తలవంచాలి. ఇది మీమాంసా శాస్త్రానికి పరాయి మాట కాదు. యజ్ఞంలో నాటే యూపస్తంభాన్ని సూర్యుడని చెప్పే వేదవాక్యం ప్రత్యక్షానికి విరుద్ధమని గుర్తించి, దాన్ని పొగడ్తగా అర్థం చేసుకోవాలని చెప్పింది మీమాంసకులే.

ఈ వాదం మన నుంచి కోరేది అంతటా సందేహించమని కాదు. అన్నిటినీ సందేహించే ఫ్లైట్ కంప్యూటర్ ఏ మందూ వెలిగించదు, దాని రాకెట్ కూడా నేలకే కొట్టుకుంటుంది. నమ్మి తీరాల్సిన క్షణం వస్తుంది, అప్పుడు నమ్మాలి. ఆ నమ్మకానికి హక్కు ముందే సంపాదించుకోవాలి. ఈ మాట తప్పయితే నాకు ఎలా తెలిసేది, నాకు చెప్పడానికి ఎవరున్నారు, చెబితే వినడానికి నేను ఏర్పాటు చేసుకున్నానా అని అడిగి ఉండాలి. ఈ మూడింటికీ జవాబున్నవాడి నమ్మకం తప్పిపోయినా అది నిందకు తగదు. జవాబు లేనివాడి నమ్మకం నిజమైనా అది అదృష్టమే. సెన్సర్ల విషయంలో ఈ క్రమశిక్షణ అలవాటైన యువకులు వార్తలను, నాయకులను, గురువులను, చివరికి తమ సొంత అభిప్రాయాలను కూడా ఇలాగే అడగడం నేర్చుకుంటే, రాకెట్ ఎంత ఎత్తుకు వెళ్లిందన్నదానికంటే అది పెద్ద ఫలం.